పన్నెండు లీటర్లలో ఎంత బేస్ పడుతుంది?

మారుతి స్విఫ్ట్ డిక్కీ 265 లీటర్లు. ఆల్టో కె10ది 214. బాలెనోది 318. సీఎన్‌జీ వ్యాగన్‌ఆర్ కొన్నవాళ్లకైతే 60 లీటర్ల నీటి కొలత సిలిండరే డిక్కీలో అడ్డంగా కూర్చుని ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులు, తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా, అరిసెల డబ్బా. ఇవన్నీ సర్దగా మిగిలిన మూలలోనే బేస్ బాక్స్ పెట్టుకోవాలి. చిన్న కారున్న సంగీత ప్రియుడి అసలు చిక్కు ఇది.

కార్ డెకార్స్ షాపులో వినిపించే ప్రశ్నలు మాత్రం వేరు. "ఎన్ని ఇంచులు కావాలన్నా, పదా పన్నెండా?" అన్నది మొదటిది. "ఎన్ని వాట్లది చూపించమంటారు?" అన్నది రెండోది. "డిక్కీలో ఎన్ని లీటర్లు ఇవ్వగలరు?" అని అడిగే షాపు అరుదు. చిన్న బాక్సు దగ్గర ముందుగా తేలాల్సింది ఆ లీటర్ల లెక్కే. ఇంచులూ వాట్లూ దాని వెనకే నడవాలి. ఎందుకో అంకెలతోనే చూద్దాం.

ముందు చెక్క మింగే చోటు సంగతి. లోపల నికరంగా 12 లీటర్ల గాలి ఉండే బాక్సు చేయించాలనుకోండి. పదించుల వూఫర్ వెనక ఉండే అయస్కాంతం, ఇనప బుట్ట కలిసి సుమారు లీటరున్నర ఆక్రమిస్తాయి. అంటే లోపలి కొలత 13.5 లీటర్లు రావాలి. 30 సెంటీమీటర్ల పొడవు, 28 ఎత్తు, 16 లోతు పెడితే లెక్క సరిపోతుంది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ వాడితే బయటి కొలతలు 33.6, 31.6, 19.6 సెంటీమీటర్లు అవుతాయి. గుణిస్తే 20.8 లీటర్లు. బేస్‌కు పనికొచ్చే గాలి 12 లీటర్లయితే, డిక్కీలో పోయే చోటు దాదాపు 21. కాబట్టి వడ్రంగి "ఇరవై లీటర్ల బాక్స్ సార్" అన్నప్పుడు అది బయటి కొలతో లోపలి కొలతో అడిగి తెలుసుకోవాలి. కంపెనీ కాగితాల మీద ఘనపుటడుగులు కనిపిస్తే 28.3తో గుణించండి, లీటర్లు వస్తాయి. లోతు కూడా చూసుకోవాలి. వూఫర్ లోతు 14 సెంటీమీటర్లయితే, ముందు చెక్క మందంతో కలిపి మన బాక్సులో 17.8 ఉంది. వెనక మిగిలేది 3.8. అయస్కాంతం వెనక గాలి రంధ్రం ఉన్న వూఫర్‌కు ఆ మాత్రం ఖాళీ ఉండాల్సిందే, లేకపోతే కాయిల్ వేడి బయటికి పోదు.

ఇక గాలి సంగతి. మూసిన బాక్సులోని గాలి స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి పిడి నొక్కితే చేతికి తగిలే ఎదురు ఒత్తిడే అది. బాక్సు చిన్నదయ్యే కొద్దీ ఆ స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ఈ గుణాన్ని ఇబ్బందిగా కాక పనిముట్టుగా చూసినవాడు ఎడ్గర్ విల్చర్. ఆయన హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి, ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. వూఫర్ సొంత బిగువును బాగా సడలించి, కోన్‌ను వెనక్కి లాగే పనిని బాక్సులోని గాలికి అప్పగించాడు. అప్పటిదాకా లోతైన బేస్ అంటే గదిలో ఒక మూలంతా తినేసే పెట్టె. ఈ రోజు మన డిక్కీలో కూర్చునే సీల్డ్ బాక్సు మూలం అక్కడుంది.

విల్చర్ చూపిన దారికి కొలతలు ఇచ్చినవాళ్లు ఇద్దరు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో, సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1972, 1973లలో పత్రాలు ప్రచురించారు. వూఫర్ డబ్బాలోని కాగితం మీద కనిపించే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ వాళ్ల పుణ్యమే. ఎఫ్ఎస్ అంటే వూఫర్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్ అంటే ఆ ఊపుకు ఎంత పగ్గం ఉందో చెప్పే సంఖ్య: తక్కువైతే పగ్గం బిగువు, ఎక్కువైతే వదులు. వీఏఎస్ లీటర్లలో ఉంటుంది. వూఫర్ సస్పెన్షన్‌కు ఎంత బిగువుందో సరిగ్గా అంతే బిగువు ఎన్ని లీటర్ల గాలికి ఉంటుందో అది చెబుతుంది. చిన్న బాక్సు కొనేవాళ్లకు ఈ మూడింటిలో ముఖ్యమైనది ఇదే. షాపులో దీన్ని చదివేవాళ్లే తక్కువ.

లెక్క ఎనిమిదో తరగతి స్థాయిది. వీఏఎస్‌ను బాక్సు లీటర్లతో భాగించి, 1 కలిపి, వర్గమూలం తీయండి. వచ్చిన సంఖ్యతో ఎఫ్ఎస్‌నూ క్యూటీఎస్‌నూ గుణించండి. బాక్సులో పెట్టాక వూఫర్ ఎలా మారుతుందో దాదాపుగా తెలిసిపోతుంది. గుణించగా వచ్చిన క్యూను క్యూటీసీ అంటారు. అది 0.707 దగ్గరుంటే బేస్ చదునుగా ఉంటుంది. 0.9, 1.0 దాకా కారులో బాగానే నడుస్తుంది. 1.2 దాటితే ఒకచోట గూని లేచి, అన్ని పాటలూ ఒకే "ధబ్" మీద నడుస్తాయి.

మార్కెట్లో దొరికే రకాలకు దగ్గరగా ఉండే రెండు వూఫర్లను ఊహించుకుందాం. మొదటిది పదించులది: ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 35 లీటర్లు. రెండోది పన్నెండించులది: ఎఫ్ఎస్ 25, క్యూటీఎస్ 0.50, వీఏఎస్ 90 లీటర్లు. కాగితం మీద రెండోదే మొనగాడు. ఇంచులు ఎక్కువ, ఎఫ్ఎస్ ఇంకా కిందికి ఉంది.

ఇప్పుడు రెండింటినీ మన 12 లీటర్ల బాక్సులో పెడదాం. పదించులదానికి 35ను 12తో భాగిస్తే 2.92, ఒకటి కలిపితే 3.92, వర్గమూలం 1.98. క్యూటీసీ 0.89, ఫ్రీక్వెన్సీ 59 హెర్ట్జ్. గూని ఎత్తు 0.6 డెసిబెల్ మాత్రమే, చెవికి తెలియదు. పన్నెండించులదానికి 90ని 12తో భాగిస్తే 7.5, ఒకటి కలిపితే 8.5, వర్గమూలం 2.92. క్యూటీసీ 1.46, ఫ్రీక్వెన్సీ 73 హెర్ట్జ్. 83 హెర్ట్జ్ దగ్గర 3.8 డెసిబెల్స్ గూని. "బేస్ అదిరిపోతోంది" అని మొదటి పది నిమిషాలు మురిపించి, గంట ప్రయాణం తర్వాత తలనొప్పి తెచ్చేది ఈ గూనే.

కింది స్థాయిలో ఏం జరుగుతోందో చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ 41.2 హెర్ట్జ్. అయిదు తీగలదానిలో 30.9. ఇళయరాజా పాటలో బేస్ గిటార్ నడకను నడకగా వినాలన్నా, ఇప్పటి పాటల్లో సింథ్ బేస్ కడుపులో తగలాలన్నా 35 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎంత మిగులుతోందన్నదే ప్రశ్న. పదించుల వూఫర్‌కు అది కోరుకున్న 24 లీటర్లు ఇస్తే 35 హెర్ట్జ్ దగ్గర ధ్వని 6.3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ గాలిని సగానికి కోసి 12 లీటర్లే ఇస్తే 8.6 డెసిబెల్స్ తగ్గుతుంది. నష్టం 2.3 డెసిబెల్స్. బాక్సు సగమైందంటే ఇది చాలా చవక బేరం. పన్నెండించులదానికి 40 లీటర్లు ఇచ్చి ఉంటే 35 హెర్ట్జ్ దగ్గర 3.9 మాత్రమే తగ్గేది. 12 లీటర్లలో ఇరికించినందుకు 11.2 తగ్గింది. అంటే 7.3 డెసిబెల్స్ నష్టం. దాన్ని పూడ్చాలంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర అయిదు రెట్లకు పైగా పవర్ పోయాలి.

ధ్వనిని డిజిటల్‌గా సరిదిద్దే డీఎస్‌పీతో గూనిని చెరిపేసి కింది బేస్ పెంచుకోవచ్చు కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. పెంచుకోవచ్చు, లెక్క ప్రకారం తప్పులేదు. పన్నెండించుల కోన్ తోసే గాలి ఎక్కువన్నదీ నిజమే. పదించుల కోన్ వైశాల్యం సుమారు 340 చదరపు సెంటీమీటర్లు, అది ఒక వైపుకు 10 మిల్లీమీటర్లు కదిలితే 340 సీసీ గాలి కదులుతుంది. పన్నెండించులది 500 చదరపు సెంటీమీటర్లు, 12 మిల్లీమీటర్లు కదిలితే 600 సీసీ. అయితే ఆ 600 సీసీని 12 లీటర్లలో నొక్కడమంటే 5 శాతం గాలిని కుదించడం. లోపలి పీడనం దాదాపు 7 కిలోపాస్కల్స్ పెరుగుతుంది. కోన్ మీద పడే ఎదురు బలం 36 కిలోల బరువుతో సమానం. 30, 28 సెంటీమీటర్ల వెనక పలక మీద పడేది 60 కిలోలు. ఒక్క నోట్‌లోనే సెకనుకు 40 సార్లు ఈ తోపు వస్తుంది, మళ్లీ 40 సార్లు లాగుడు వస్తుంది. పదించులదైతే కోన్ మీద 14 కిలోలు, పలక మీద 34 దగ్గర ఆగుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, రెండు వైపులా మేకులు కొట్టి ముగించిన బాక్సులు ఆరు నెలలకే గాలి వదిలి బుసబుసలాడేది ఇందుకే. చిన్న బాక్సుకు చెక్క పలుచగా ఉంటే చాలనుకోవడం తలకిందుల ఆలోచన. ప్రతి అతుకుకూ జిగురు, వూఫర్ అంచు కింద గ్యాస్కెట్ తప్పనిసరి.

చిన్న సీల్డ్ బాక్సు తరఫున కారు కూడా వకాల్తా పుచ్చుకుంటుంది. డాష్‌బోర్డు నుంచి వెనక డోర్ దాకా లోపలి పొడవు 2.4 మీటర్లనుకుంటే, ధ్వని వేగం 343ను దానికి రెట్టింపైన 4.8తో భాగిస్తే 71 హెర్ట్జ్ వస్తుంది. అంతకంటే కింది ఫ్రీక్వెన్సీల దగ్గర తరంగం కారులో పట్టదు. కారు లోపలి గాలి మొత్తం ఒక్కసారిగా నొక్కుకుని వదులుకుంటుంది. సిద్ధాంతం ప్రకారం ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ 12 డెసిబెల్స్ లాభం రావాలి. తలుపుల సందులు, పలుచని రేకు, కిటికీ అద్దాలు కొంత లాగేస్తాయి కాబట్టి అంతా చేతికి రాదు. అయినా సీల్డ్ బాక్సు కిందికి పోయేకొద్దీ తగ్గేది కూడా ఆ 12 డెసిబెల్స్ లెక్కనే. ఒకటి తగ్గిస్తుంటే మరొకటి పెంచుతుంది. మన పదించులది 35 హెర్ట్జ్ దగ్గర పోగొట్టుకున్న 8.6లో చాలా భాగాన్ని హ్యాచ్‌బ్యాక్ క్యాబిన్ తిరిగి ఇచ్చేస్తుంది. ఇంట్లో హాల్లో పెడితే పీలగా వినిపించే బాక్సు కారులో నిండుగా పలకడానికి కారణం ఇదే. సెడాన్‌లో డిక్కీకీ సీట్లకీ మధ్య అడ్డుగోడ ఉంటుంది కాబట్టి ఈ లాభం అంత సులువుగా అందదు. ఈ ఒక్క విషయంలో హ్యాచ్‌బ్యాక్ అదృష్టవంతురాలు.

"పోర్ట్ పెట్టించండి సార్, బేస్ డబుల్ అవుతుంది" అనే సలహా ఎలాగూ వస్తుంది. పెద్ద బాక్సుకు అది మంచి సలహానే. 12 లీటర్లకు అన్వయించి చూడండి. 35 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలంటే పోర్ట్‌గా 10 సెంటీమీటర్ల వ్యాసం పైపు 153 సెంటీమీటర్ల పొడవు కావాలి. ఆ పైపు ఒక్కటే ఆక్రమించే చోటు 12 లీటర్లు. అంటే బాక్సుకు బాక్సంత పైపు. సన్నని 5 సెంటీమీటర్ల పైపు వేస్తే పొడవు 36కు దిగుతుంది నిజమే, గాలి మాత్రం ఈల వేస్తుంది. కోన్ తోసే 340 సీసీ మాత్రమే ఆ పైపులో అటూ ఇటూ ఆడినా గాలి వేగం సెకనుకు 38 మీటర్లు దాటుతుంది. గంటకు 137 కిలోమీటర్లు. ఫుస్ ఫుస్ వినపడకుండా ఉండాలంటే సెకనుకు 17 మీటర్ల లోపు ఉంచమన్నది వాడుకలో ఉన్న హద్దు. పైగా ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కింద పోర్టెడ్ బాక్సులో కోన్‌కు గాలి పగ్గం ఉండదు, మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపే సబ్‌సానిక్ ఫిల్టర్ లేకపోతే అదుపు తప్పి కొట్టుకుంటుంది. 20 లీటర్ల లోపు పోర్ట్ మాట ఎత్తకపోవడమే మేలు. రెడీమేడ్ బేస్ ట్యూబుల్లో పోర్ట్ ఉంటుంది కదా అంటారా? చాలావరకు అవి 45, 50 హెర్ట్జ్ పైన ట్యూన్ అయినవే. దరువు వినిపిస్తుంది, లోతు దొరకదు.

చిన్న బాక్సు ఇవన్నీ ఇచ్చి బదులుగా ఒకటి అడుగుతుంది: కరెంటు. హెన్రీ క్లాస్ 1957లో పెట్టిన కేఎల్‌హెచ్ కంపెనీ పేరులో 'హెచ్' అయిన ఆంటన్ హాఫ్‌మన్ ఈ బేరాన్ని సూత్రంగా చెప్పాడు. చిన్న బాక్సు, లోతైన బేస్, తక్కువ పవర్‌తో ఎక్కువ చప్పుడు: ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. పవర్ అదే ఉంచి 50 హెర్ట్జ్ నుంచి 35 దాకా దిగాలంటే బాక్సు 2.9 రెట్లు పెరగాలి. బాక్సు పెంచనంటే పవర్ అంత పెరగాలి. మన పదించుల వూఫర్ కరెంటును ధ్వనిగా మార్చే సామర్థ్యం 0.2 శాతం లోపే. 300 వాట్లు పోస్తే ధ్వనిగా మారేది అర వాటు. మిగతాదంతా కాయిల్‌లో వేడి.

అందుకే వాట్ల గురించి ఒక జాగ్రత్త. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే 1300, 1600 లాంటి అంకెలు క్షణకాలం తట్టుకునే గరిష్ఠం. చూడాల్సింది చిన్న అక్షరాల్లో ఉండే ఆర్ఎంఎస్, లేదా నామినల్. యాంప్లిఫయర్ అయితే సీఈఏ-2006 ముద్ర ఉందేమో చూడండి. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల మీద, 1 శాతం డిస్టార్షన్ మించకుండా కొలిచిన వాట్లని దాని అర్థం.

300 వాట్ల క్లాస్-డి యాంప్ 80 శాతం సామర్థ్యంతో నడిస్తే 13.8 వోల్టుల దగ్గర 27 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్ల వైరనుకోండి. 8 గేజ్ అసలు రాగి వైరులో పోయేది 0.3 వోల్టు. ఇంటి వైరింగ్‌కు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగితే 1.6 వోల్టులు దారిలోనే ఆవిరి, వైరు కూడా వేడెక్కుతుంది. సీసీఏ అని రాసి ఉన్నది రాగి పూత పూసిన అల్యూమినియం, దానికి ఇంకో సైజు పెద్దది కావాలి. డబుల్ కాయిల్ వూఫర్ 4+4 అయితే సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు, వరుసగా కలిపితే 8. యాంప్ దేన్ని తట్టుకుంటుందో దాని కాగితంలోనే ఉంటుంది.

చోటు ఇంకా తక్కువైతే? పలుచని షాలో వూఫర్లు ఉన్నాయి. వాటిలో మంచివి నిజంగా మంచివి. జేఎల్ ఆడియో 13టీడబ్ల్యూ5 చూడండి. 13.5 ఇంచుల వూఫర్, లోతు మాత్రం రెండున్నర ఇంచులు, అడిగేది 0.8 ఘనపుటడుగు, అంటే 23 లీటర్ల లోపు. చవక షాలో వూఫర్లలో మాత్రం కోన్ 5, 6 మిల్లీమీటర్లకు మించి కదలదు. అలాంటి పదించులది తోసే గాలి 10 మిల్లీమీటర్లు కదిలే మామూలు ఎనిమిదించులదానితో ఇంచుమించు సమానం. ఎనిమిదించుల కోన్ 215 చదరపు సెంటీమీటర్లు కాబట్టి 215 సీసీ అక్కడే వచ్చేస్తుంది. షాలో రకం కొనేటప్పుడు, కోన్ ఒక వైపుకు ఎంత కదలగలదో చెప్పే ఎక్స్‌మ్యాక్స్ అంకె చూడకుండా డబ్బు కట్టొద్దు. సీటు కింద దూరే, యాంప్ లోపలే ఉన్న చిన్న డబ్బాల సంగతి వేరు. అవి డోర్ స్పీకర్లకు అందని 60, 80 హెర్ట్జ్ భాగాన్ని నింపుతాయి. డ్రైవర్‌కు దగ్గరగా ఉంటాయి కాబట్టి తక్కువ పవర్‌తోనే పని జరుగుతుంది. సీఎన్‌జీ కారుకు నేను చెప్పేది కూడా అదే. సిలిండర్ స్టాండుకు గానీ బెల్టుకు గానీ బాక్సును స్క్రూలతో బిగించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయనివ్వొద్దు.

చవకలో దొరికే ఒక చిట్కా ఉంది. దిండ్లలో నింపే రెక్రాన్ లాంటి పాలిస్టర్ పీచును బాక్సులో వదులుగా నింపండి. గాలి నలిగినప్పుడు పుట్టే వేడిని ఆ పీచు పీల్చుకుంటుంది కాబట్టి స్ప్రింగ్ కాస్త మెత్తబడుతుంది. సిద్ధాంతం ప్రకారం బాక్సు 40 శాతం దాకా పెద్దదైనట్టు ప్రవర్తించొచ్చు. వాస్తవంలో 15, 20 శాతం వస్తే సంతోషం. 12 లీటర్లు 14 లీటర్లలా పలుకుతాయి. అయస్కాంతం వెనక గాలి రంధ్రానికి మాత్రం పీచు అడ్డం పడకూడదు.

షాపుకు వెళ్లే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన లెక్క చిన్నది. డిక్కీలో నిజంగా వదులుకోగల మూలను టేపుతో కొలవండి, చెక్క మందం తీసేయండి, వూఫర్‌కు లీటరున్నర తీసేయండి. మిగిలినది మీ బడ్జెట్. క్యూటీఎస్ 0.45 ఉన్న వూఫర్ అయితే వీఏఎస్ ఆ మిగిలిన లీటర్లకు 3 రెట్లు మించకూడదు. 0.50 అయితే రెండుంపావు రెట్లు. 0.60 అయితే ఒకటింపావు రెట్లే. ఈ హద్దుల్లో ఉంటే క్యూటీసీ 0.9 దాటదు. 7, 8 లీటర్లే మిగిలితే ఎనిమిదించులది, 12 నుంచి 18 మధ్య అయితే పదించులది, 35 దాటితేనే పన్నెండించుల మాట ఎత్తండి. ప్రత్యేకంగా చిన్న బాక్సు కోసమే చేసిన పన్నెండించులది దొరికితే తప్ప ఈ వరుస మార్చాల్సిన పనిలేదు.

షాపతన్ని ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్, ఎక్స్‌మ్యాక్స్ ఉన్న కాగితం అడగండి. అది చూపించలేని వూఫర్ ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. ఇక ఏది బిగించినా, బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజ్ పడిందో లేదో బానెట్ ఎత్తి మీ కళ్లతో చూసుకున్నాకే డబ్బులివ్వండి.